నాది కాని గొలుసు

పాతబస్తీ, హైదరాబాద్
జూలై 9

చెల్లె ఆండాలుకు,

ఎవరో చెబితే వినేకన్నా నేను రాస్తేనే నయమని రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను చెప్పాల్సింది మరిచిపోతాను. మనకు పెళ్ళిళ్ళైన నాటి ఉత్తరాల అలవాటే మేలు.

నిన్న పొద్దున పూల కోసం గల్లీ చివరిదాకా వెళ్ళాను. వెనకనుంచి ఒక నల్ల బండి వచ్చింది. మెడ మీద ఎవరో గట్టిగా చరిచినట్టయింది. కింద పడి లేచేసరికి పుస్తెలతాడు లేదు. ఇస్త్రీ బండి భాయ్ “అరే పకడో, పకడో!” అని అరుస్తూ మలుపు దాకా పరిగెత్తాడు గాని, బండి అందలేదు. మోచెయ్యి గీసుకుపోయింది, మెడ చుట్టూ ఎర్రగా కందింది. అంతకుమించి దెబ్బలేమీ లేవు. ఫికర్ చేయకు.

మీ బావ దుకాణానికి తాళం వేసి నన్ను స్టేషన్‌కు తీసుకెళ్ళారు. నీ కొడుకు అనురాగ్ ముందు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఖాకీ బట్టల్లో ఎంత ఎత్తుగా కనిపించాడో! ఎస్సై గారు కూడా మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించారు.

“మా అనురాగ్‌కు పెద్దమ్మ అంటే మాక్కూడ పెద్దమ్మే. దొంగ మొఖం చూసిండ్రా?” అని అడిగారు.

“లేదు సార్. వెనకకెళ్లి వచ్చిండు. నెత్తికి హెల్మెట్ ఉండె. నేను లేచెటాళ్లకు పోయిండు,” అన్నాను.

“బండి నంబర్?”

“నల్ల బండి. గంతే ఎరుక.”

ఫిర్యాదు నేను చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారు. ప్రస్తుతానికి పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకున్నాను. మీ బావ నా మెడ వైపు చూడకుండా మాట్లాడుతున్నారు. అమ్మ దగ్గరుండి చేయించిన రెండు పేటల తాడు కదా అది. పోతే పోయిందనుకుంటాను గాని, చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోతోంది.

మీ అక్క
నాగమణమ్మ


జనగామ
జూలై 16

అక్కకు,

నీ ఉత్తరం ఇడ్లీ బండి దగ్గరే చదివాను. గిరాకీ ముందు నిలబడి ఉన్నా చేతులు ఆడలేదు. బంగారం సంగతి తర్వాత, ఆ పడడంలో నీ నడుముకేమైనా అయితే మేమేం కావాలి?

అనురాగ్ రాత్రి ఫోన్ చేశాడు. “ఎస్సై సార్ సొంత పనిలెక్క చూస్తుండమ్మా. పెద్దమ్మకు చెప్పు, దొరుకుతది,” అన్నాడు. వాళ్ళ నాన్న పోయాక ఈ బండి మీదే వాణ్ణి చదివించాను. పోలీసు ఉద్యోగానికి పరుగు పందెం పాసయ్యాడని తెలిసిన రోజు బజారంతా చాయ్ పోయించాను, నీకు తెలుసు. ఇవాళ మన ఇంటికి ఆపద వస్తే స్టేషన్‌లో మన పిల్లవాడున్నాడు. అది తలుచుకుంటేనే గుండె నిబ్బరంగా ఉంది.

ఆ దొంగ దొరికితే నా తరఫున నాలుగు తగిలించమని చెప్పాను. మోచేతికి పసుపు రాస్తూ ఉండు. బావను మనసు కష్టపెట్టుకోవద్దను.

నీ చెల్లె
ఆండాలు


పాతబస్తీ, హైదరాబాద్
ఆగస్టు 27

ఆండాలుకు,

నిన్న స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది. దొంగ దొరికాడన్నారు. మీ బావ, నేను వెళ్ళాం.

లోపలి గదిలో ఒక పిల్లవాడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పేరు నందు అట, కార్వాన్‌లో ఇంటింటికీ పాలు పోస్తాడట. లెమ్మంటే గోడ పట్టుకుని లేచాడు. ఒక కాలు నేలకు సరిగా ఆనడం లేదు.

“గీనే. మంచిగ చూడుండ్రి,” అన్నారు ఎస్సై గారు.

“నేను మొఖమే చూడలే గద సార్.”

“చూస్తె యాదికొస్తది.”

చూశాను. అతనూ నన్ను చూశాడు. కోపమేమీ లేదు ఆ చూపులో. ఎంతకూ రాని బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నాడు. నాకేమీ యాదికి రాలేదు.

తర్వాత ఒక పొట్లం విప్పి గొలుసు చూపించారు. ఒంటి పేట గొలుసు. పుస్తెలు లేవు.

“గిది మాది కాదు సార్. మాది రెండు పేటల తాడు.”

“దొంగలు కరిగిచ్చి కొత్తగ చేపిస్తరమ్మా. తూకం సుమారు సరిపోయింది. కోర్టుల నాదే అని ఒక్క మాట చెప్పుండ్రి, గొలుసు మీ ఇంటికొస్తది.”

“మరి గిది ఎవరిది?”

ఆయన నవ్వారు. “మీదే అంటున్న గద పెద్దమ్మా.”

ఇంటికొచ్చాక మీ బావ నా మీద లేచారు. “పోయిన సొమ్ము మల్ల రాదు. ఇస్తమన్నది తీస్కోక గీ లొల్లి ఏంది? గీ బస్తీల మనకు దుకాణం ఉన్నది, యాదుంచుకో.”

“ఎవరిదో మెడల ఏస్కుంటె నిద్ర పడుతదా?” అన్నాను.

“నీకు పట్టకపోతె పాయె, నాకు పడుతది,” అన్నారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది గాని, నవ్వలేదు.

స్టేషన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు అనురాగ్ బల్ల దగ్గరే ఉన్నాడు. నా వైపు చూడలేదు. ఆ గొలుసు ఎక్కడిదో వాడికి తెలిసే ఉంటుంది. కనుక్కుని రాయి.

మీ అక్క


జనగామ
సెప్టెంబర్ 20

అక్కకు,

క్షేమం. పని ఎక్కువై జవాబు ఆలస్యమైంది.

గొలుసు సంగతి పోలీసు వాళ్ళకు మనకన్నా ఎక్కువ తెలుస్తుంది. ఊరికే ఎవరినీ పట్టుకోరు. ఆ పిల్లవాడు ఏదో చేసే ఉంటాడు. బావ చెప్పినట్టు వినడం మంచిది. నీకు ఈ వయసులో కోర్టులు, గొడవలు ఎందుకు?

బతుకమ్మకు వస్తానన్నాను గాని ఈసారి వీలు కాదు.

ఆండాలు


పాతబస్తీ, హైదరాబాద్
అక్టోబర్ 14

ఆండాలుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనడిగిన దానికి జవాబు కనిపించలేదు. చట్నీ ఒకరోజు చెడిపోతే దాని గురించి రెండు పేజీలు రాసే దానివి, ఈసారి అర పేజీకే కలం ఆగిపోయింది. అనురాగ్ పక్కన కూర్చుని రాయించాడా అని అడగను.

ఇక్కడి సంగతి చెబుతాను. పండగ గిరాకీ అని మీ బావ స్టీలు బిందెలు, ఇత్తడి చెంబులు దుకాణం మెట్ల మీద పేర్చారు. ఈ బజారులో ఎవరు పేర్చరు? పోలీసు బండి వచ్చి, దారికి అడ్డమని మా ఒక్కరి సామానే ఎత్తుకెళ్ళింది. రెండోసారి కూడా అట్లాగే జరిగింది. వెళ్ళేటప్పుడు కానిస్టేబుల్ ఒకడు చెవిలో వేశాడట: “సార్‌ను ఒకపారి కలువుండ్రి సేఠ్.”

మీ బావ వెళ్ళి వచ్చారు. కంచం ముందు కూర్చుని చాలాసేపు చెయ్యి పెట్టలేదు.

“ఏమన్నడు?” అని అడిగాను.

“కోర్టుల మంచిగ చెప్పమని ఇంటామెకు చెప్పుండ్రి అన్నడు.”

“మీరేమన్నరు?”

“ఆలోచిస్తమన్న.”

ఆ పిల్లవాడు నందు ఇంకా జైల్లోనే ఉన్నాడట. జామీను నిలబడే వాళ్ళు దొరకలేదట. ఇస్త్రీ భాయ్ చెప్పాడు. తల్లి ఒక్కతే బర్ల పని చూసుకుంటూ, వారం వారం వెళ్ళి వస్తోందట.

నాకు అబద్ధం చెప్పకు చెల్లె. చెప్పలేకపోతే చెప్పలేనని రాయి.

మీ అక్క


జనగామ
నవంబర్ 2

అక్కా,

అడగనంటూనే అడిగావు. అవును, అనురాగ్ పక్కనే కూర్చున్నాడు. మాటలన్నీ వాడివే. నేను రాశాను, అంతే.

వాడి ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ప్రొబేషన్ అయ్యేదాకా పై వాళ్ళ చేతిలో ఉంటుంది. ఎస్సై వాణ్ణి గదిలోకి పిలిచి చెప్పాడట: “మీ పెద్దమ్మ కోర్టుల అడ్డం తిరిగితె నీ కాయితం ముంగటికి పోదు. తర్వాత నీ ఇష్టం.”

నేను వాణ్ణే అడిగాను, ఆ నందు నిజంగా దొంగేనా అని. వాడు చెప్పాడు: “రోడ్ మీద బండ్లు ఆపి అందరి ఫోటోలు తీస్తున్నమమ్మా. ‘నేనేం చేసిన, నా ఫోటో ఎందుకు’ అని అడిగిండు. అందరి ముంగట అడిగిండని సార్‌కు కోపమొచ్చింది. బండి నల్లగ ఉండె. గంతే.”

అయినా ఈ మాట రాస్తున్నాను అక్కా. వాడు నా కొడుకు. ఆ పిల్లవాడికీ తల్లి ఉందని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. నువ్వు అబద్ధం చెప్పొద్దు. “యాదికి లేదు” అను, చాలు. ముఖం యాదికి లేదు, గొలుసు యాదికి లేదు. వయసు మీద పడ్డ మనిషి అనుకుంటారు. కొంగు పట్టి అడుగుతున్నాను.

ఇది చదివి చింపెయ్యి.

ఆండాలు


పాతబస్తీ, హైదరాబాద్
ఫిబ్రవరి 18

ఆండాలుకు,

ఇన్ని నెలలు నీకు ఏం రాయాలో తెలియక రాయలేదు. నిన్న కోర్టులో సాక్ష్యం చెప్పి వచ్చాను.

నీ మాట నా నోటిదాకా వచ్చిందని ముందే చెబుతున్నాను. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ “యాదికి లేదు, యాదికి లేదు” అని లోపల అనుకుంటూనే ఉన్నాను. అప్పుడు నందును తీసుకొచ్చారు. ఆగస్టులో చూసిన మనిషిలో సగమయ్యాడు. నాకు అన్నీ బాగా యాదున్నాయి చెల్లె. అదే నా కష్టం.

ప్రభుత్వ వకీలు అతన్ని చూపించి అడిగారు. “మీ తాడు లాక్కున్నది ఈ మనిషేనా?”

“నేను మొఖం చూడలే సార్. ఈ పిలగాడని నేను చెప్పలేను.”

“ఈ గొలుసు మీదేనా?”

“కాదు సార్.”

ఆయన కాగితాలు తిప్పారు. “ఆగస్టులో పోలీసుల ముందు ఇతన్నీ, ఈ గొలుసునూ గుర్తుపట్టినట్టు చెప్పారు. ఇదిగో, ఇక్కడ రాసి ఉంది.”

నాకు అప్పుడు అర్థమైంది. నేను చెప్పింది ఒకటైతే అక్కడ రాసుకున్నది ఇంకొకటి. దాని కింద నా సంతకం కూడా లేదు. పోలీసులు అట్లా రాసుకున్న వాటికి సంతకం అక్కర్లేదట.

“నేను గట్ల చెప్పలే సార్. మొఖం చూడలేదని మొదటి దినమే చెప్పిన. గొలుసు చూపెట్టిన దినమే నాది కాదని చెప్పిన.”

“ఎవరైనా మిమ్మల్ని బెదిరించి మాట మార్పించారా?”

“మాట మార్చుమని బెదిరించిండ్రు. నేను మార్చలే,” అన్నాను. “నాది అని చెప్పుమన్నరు. మా దుకాణం సామాను ఎత్తుకపోయిండ్రు. ఎందుకో గా ఎస్సైనే అడుగుండ్రి.”

ఎస్సై తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అనురాగ్ పేరు నా నోటివెంట రాలేదు. రానివ్వలేదు.

నందు తరఫున శ్రీహిత అని చిన్న వయసు వకీలు ఉంది. బీదవాళ్ళకు ప్రభుత్వం తరఫున వాదిస్తుందట. తను అడగాల్సినవన్నీ నేనే చెప్పానని కూర్చుండిపోయింది. చివర్లో జడ్జి గారు ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగారు.

“గిది ఎవరో ఆడమనిషిదే సార్. ఆమె గూడ ఎక్కడనో ఏడ్చుకుంట ఉంటది. ఆమె ఎవరో తెలుసుకుంటె మంచిగుండు,” అన్నాను. జడ్జి గారు కాసేపు గొలుసునే చూశారు. తర్వాత ఏదో రాసుకున్నారు.

మీ బావ రానని చెప్పి, చివరి బెంచీలో వచ్చి కూర్చున్నారు. ఆటోలో ఒక్క మాటే మాట్లాడారు. “సామాను మెట్ల మీద పెట్టకుంటె ఏమైతది? లోపలనే పెడ్దం.”

నిన్ను నొప్పించానని తెలుసు. క్షమించమని అడిగే మొహం లేదు. మళ్ళీ పిలిచినా నేను చెప్పేది అదే.

మీ అక్క
నాగమణమ్మ


జనగామ
ఏప్రిల్ 12

అక్కకు,

నీ ఉత్తరం అందేలోపే అనురాగ్‌ను స్టేషన్ నుంచి తీసేసి బందోబస్తులకు పంపారు. ఎండలో, వానలో, ఎక్కడ పడితే అక్కడ నిలబెడుతున్నారు. ప్రొబేషన్ పొడిగించారు. నీకు ఇక రాయొద్దనే అనుకున్నాను. ఉగాది రోజు కూడా నీ పేరెత్తలేదు.

పోయిన వారం వాడు ఇంటికొచ్చాడు. అన్నం పెడుతుంటే తలెత్తకుండా అన్నాడు: “అమ్మా, గొలుసు ఎవరిదని పెద్దమ్మ కోర్టుల అడిగింది గద. నాకు మొదటినుంచి ఎరుకే.”

ఆమె పేరు పుష్పమ్మ. మీకు నాలుగు గల్లీల అవతల ఉంటుంది, ఇళ్ళల్లో వంట చేస్తుంది. నీకన్నా ముందే ఆమె గొలుసు పోయింది. ఫిర్యాదు ఇవ్వడానికి ఎన్నోసార్లు స్టేషన్‌కు వచ్చిందట. కేసుల లెక్క పెరిగితే పైనుంచి మాట వస్తుందని ఎస్సై రాయనివ్వలేదు. “రేపు రా అని చెప్పి పంపుమన్నడు. నేనే పంపిన,” అన్నాడు. తర్వాత ఆ గొలుసు అమ్మబోతూ ఎవడో పట్టుబడ్డాడు. వాడు ఎట్లా బయటపడ్డాడో అడగొద్దన్నాడు. ఆమె కేసే లేదు కాబట్టి గొలుసుకూ కేసు లేదు. అందుకే దాన్ని నీ కేసులో పెట్టారు.

“గిన్ని దినాలు ఎందుకు చెప్పలేదురా?” అని అరిచాను. వాడు లేచి తన కంచం తనే కడుక్కున్నాడు. నేను కూడా నీ నోరు మూయించబోయిన దాన్నే కదా అని, గొంతు తగ్గించాను.

తెల్లారి మామూలు బట్టలు వేసుకుని హైదరాబాద్ వెళ్ళాడు. పుష్పమ్మ ఇంటికి పోయి, ఆమెను శ్రీహిత వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. “అవసరమైతె నేను గూడ సాక్ష్యం చెప్త,” అన్నాడట. ఆ అమ్మాయి, ముందు పుష్పమ్మను పిలిపిస్తానని, ఆమెతో కాకపోతే అప్పుడు చూద్దామని అన్నదట.

వాడి ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోతే ఇడ్లీ బండి ఉంది. వాడికి పిండి రుబ్బడం వచ్చు.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది అక్కా. దాచడం ఎందుకు? రాశాను కాబట్టి తగ్గుతుందేమో.

నీ చెల్లె
ఆండాలు


పాతబస్తీ, హైదరాబాద్
మే 30

ఆండాలుకు,

నీ కోపం కొంచెం ఉండనీ. నువ్వు పూర్తిగా మంచిదానివైపోతే నాకు భయం.

తీర్పు వచ్చింది. నందు మీద కేసు కొట్టేశారు. పోయిన నెల పుష్పమ్మ వచ్చి, కూతురి పెళ్ళిలో ఆ గొలుసు వేసుకుని దిగిన ఫోటో చూపించింది. బోను ఎక్కాక గొలుసు చేతికివ్వగానే కొక్కెం ఎక్కడ వంగి ఉందో చూడకుండానే చెప్పింది. పై కోర్టుకు వెళ్ళే గడువు అయిపోయాక ఆమెకు ఇచ్చేస్తారట. అనురాగ్‌ను పిలిచే అవసరం రాలేదు.

ఎస్సై గురించి జడ్జి గారు తీర్పులో గట్టిగానే రాశారని శ్రీహిత చెప్పింది. విచారణ చేస్తారట. ఈలోగా ఆయన వేరే స్టేషన్‌లో పని చేస్తున్నాడు. మీ బావ దుకాణం జోలికి మాత్రం ఎవరూ రావడం లేదు. నా తాడు దొరకలేదు. ఇక దొరకదు కూడా.

నందును జైలు నుంచి నిన్న వదిలారు. ఇవాళ ఏవో కాగితాల కోసం తల్లి అతన్ని కోర్టుకు తీసుకొచ్చింది. శ్రీహిత రమ్మంటే నేనూ వెళ్ళాను. మెట్ల దగ్గర కలిశాం. నందు దండం పెట్టాడు. తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది.

“మీరు నిజం చెప్పిండ్రమ్మా. మీ మేలు మరువ.”

నేనేదో అనబోయాను. ఆమె చేతులు వదలకుండానే మళ్ళీ అడిగింది. “మొఖం చూడలేదని, గొలుసు నాది కాదని ముందుగాలనే పోలీసులకు చెప్పిన అన్నరట గద కోర్టుల. నిజమేనా?”

“నిజమేనమ్మా. చెప్పిన.”

“మరి నా కొడుకు గిన్ని నెలలు లోపల ఎందుకున్నడు?”

నిష్ఠూరంగా అడగలేదు ఆండాలు. నాకు తెలిసి ఉంటుందనుకుని అడిగింది. “నాకు తెల్వదమ్మా,” అన్నాను. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఇంటి దగ్గర బర్లకు గడ్డి వేసే వేళయిందని చెప్పి, కొడుకును తీసుకుని కార్వాన్ ఆటో ఎక్కింది.

ఆదివారం అనురాగ్‌ను అన్నానికి పంపు. నువ్వూ రా. ఒక్కరోజు బండి మూస్తే జనగామ పస్తుండదు. ఆ తల్లి నన్ను అడిగిన మాట నేను వాణ్ణి అడగను. కడుపునిండా అన్నం పెడతాను, అంతే. వాడంతట వాడు మాట్లాడితే మాత్రం, ఎంతసేపైనా కూర్చుని వింటాను.

మీ అక్క
నాగమణమ్మ